మంద వెంట మేమంతా

ఆ చలికాలం మొదట్లో కొన్ని వారాల పాటు మా ఇంటి ఫ్రిజ్ కింది అరలో గొర్రె పెంటికలు ఉన్నాయి. కూరగాయల ట్రే ఖాళీ చేసి, మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పేర్చి, ఒక్కోదాని మీద అది ఏ గొర్రెదో రాసి పెట్టేదాన్ని. మొదటిసారి చూసినప్పుడు మా ఆయన, పాలూ పెరుగూ ఉండాల్సిన చోట ఇదేం ఖర్మ అని మొత్తుకున్నాడు. రెండో వారం నుంచి ఆ డబ్బాలను ఐస్ ముక్కల మధ్య సర్ది, సూర్యాపేట బస్టాండుకు పోయి కోదాడ బస్సులో పంపించి వచ్చింది కూడా ఆయనే. గొణుగుతూనే పోయేవాడనుకోండి. గొణిగితే గొణిగాడు, పని ఆగలేదు.

ఆ పెంటికలు మా ఇంటికి ఎందుకొచ్చాయో చెప్పాలంటే ముందు మా పాత విద్యార్థుల సంగతి చెప్పాలి. నేను సూర్యాపేటలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంట్ నుంచి పీజీ చేసి బయటపడి చాలా ఏళ్లయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతది" అని మా అమ్మ చిన్నప్పటి నుంచి చెప్పీ చెప్పీ అలసిపోయింది. ఊరి సంగతేమో గాని, మా పాత విద్యార్థుల సంఘం మాత్రం నా నోటి వల్లే దారిలో పడిందని నేను గట్టిగా నమ్ముతాను.

అంతకు ముందు ఏం చేసేవాళ్లం? ఏడాదికోసారి డిపార్ట్‌మెంట్‌లో కలిసేవాళ్లం. గేటుకు ఒక ఫ్లెక్సీ, దాని మీద మా అందరి మొహాలు. సార్లకు మేం శాలువాలు కప్పడం, మాకు సార్లు కప్పడం, అవీ అయిపోతే ఒకరికొకరం కప్పుకోవడం. ఆ గంటా రెండు గంటలూ అప్పుడు చదువుతున్న పిల్లలు వెనక బెంచీల మీద కూర్చొని, అన్నాలు ఎప్పుడు పెడతారా అని తలుపు వైపు చూస్తూ ఉండేవాళ్లు. ఒక ఏడు నాకు ఒళ్లు మండింది. మైకు పట్టుకొని, ఇక ఈ శాలువాలు బంద్ పెడదాం, చలికి వణికేవాళ్లు మనలో ఎవరూ లేరు అన్నాను. కొందరు నవ్వారు, కొందరు మొహం మాడ్చుకున్నారు. మరి ఏం చేద్దామో చెప్పమన్నారు.

ఏం చేయాలో నాకు తెలుసు, ఎందుకంటే నాకు ఒకరు చేసి పెట్టారు. నేను పీజీ రెండో ఏడులో సాగర్ కాలువల్లో నత్తల మీద ప్రాజెక్టు చేశాను. పెద్దవూర దగ్గర కాలువ గట్టు మీద చేతిలో వల, భుజాన సంచితో ఒక్కదాన్నే తిరిగేదాన్ని. పొలాలకు పోయేవాళ్లు చేపలమ్మే మనిషిననుకొని ధర అడిగేవాళ్లు. ఒకరోజు ఒకాయన సైకిల్ మీద వచ్చి, "జువాలజీ పొల్లవు నువ్వేనా?" అని అడిగాడు. మా డిపార్ట్‌మెంట్‌లో నాకంటే చాలా ముందు చదివిన మనిషి, అక్కడ బడిలో సారు. ఎవరో చెబితే విని వెతుక్కుంటూ వచ్చాడు. ఇంటికి తీసుకుపోయి వాళ్లావిడ చేత అన్నం పెట్టించాడు. ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ కాలువ దాకా తోడొచ్చాడు, నా బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. నేనేమీ అడగలేదు, ఆయనేమీ చెప్పలేదు. ఆ ఇంటి పప్పుచారు రుచి నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఆ రోజు మైకులో ఒకే మాట చెప్పాను. ఎవరి ఊరు వాళ్ల బాధ్యత. మన పిల్లలు ప్రాజెక్టు పని మీద మీ ఊరికొస్తే వాళ్లు మీ ఇంటి పిల్లలు. అన్నం పెట్టండి, పడుకోవడానికి చోటియ్యండి, తోడు పోండి, అవసరమైన చోట ఒక మాట సాయం చేయండి. చందాలు వద్దు, ఉపన్యాసాలు అసలే వద్దు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం మనవాళ్లలో ఎక్కువ లేరని ఆ తర్వాతే నాకు తెలిసింది. నెల తిరక్కుండా ఏ ఊళ్లో ఎవరున్నారో అందరూ వాట్సాప్ గ్రూపులో చెప్పుకున్నారు. సూర్యాపేటకు నేను. కోదాడకు ఒక తమ్ముడు, అక్కడ రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతాడు. మిర్యాలగూడకు ఇంకో తమ్ముడు, ఉద్యోగాల కోసం తిరిగీ తిరిగీ చివరికి పశువుల మందుల షాపు పెట్టుకున్నాడు. ఈ కథంతా మా ముగ్గురి మధ్యే నడిచింది.

ఆ ఏడు డిపార్ట్‌మెంట్ నుంచి ప్రాజెక్టులు చూసే సారు ఫోన్ చేసి, మీ దిక్కు పిల్ల ఒకామె వస్తుంది, మాట తక్కువ, మనిషి గట్టిది అన్నారు. పెన్‌పహాడ్ మండలంలో ఒక పల్లె ఆ పిల్లది. వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. ఇంట్లో పీజీ దాకా వచ్చిన మొదటి మనిషి. గొర్రెల కడుపులో పురుగుల మీద ప్రాజెక్టు చేస్తానని తనే అడిగిందట. మెట్ట మీద మేసినప్పుడు ఆ పురుగులు ఎంత ఉంటాయి, కాలువ కింద తడి పొలాల్లోకి దిగాక ఎంత పెరుగుతాయి అన్నది ఆమె ప్రశ్న. వారం వారం అవే గొర్రెల పెంటికలు తెచ్చి, మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు లెక్కపెట్టాలి.

చెప్పడానికి సులువే. చిక్కంతా మంద ఒక చోట ఉండకపోవడంలో ఉంది. వానకాలం వరి కోతలు కాగానే వాళ్ల నాయిన మందను తోలుకొని పెన్‌పహాడ్ నుంచి మిర్యాలగూడ వైపు ఆయకట్టులోకి దిగుతాడు. కోసిన మళ్లలో రాత్రిళ్లు మంద ఆపితే పొలానికి ఎరువు, అందుకు రైతు వడ్లిస్తాడు. అక్కడి నుంచి మళ్లు మారుతూ కోదాడ వైపు పోతాడు. ఈ పిల్లేమో యూనివర్సిటీ హాస్టల్లో. మంద ఇవాళ ఒక ఊళ్లో, ఎల్లుండి ఇంకో ఊళ్లో. వారం వారం ఎవరు పోతారు, ఎవరు తెస్తారు?

ఊరి బాధ్యత అన్నాం కదా, మేమే పోయాం. మంద పెన్‌పహాడ్ దగ్గరున్నన్నాళ్లు నేను. ఆదివారం పొద్దున్నే ఆటోలో పోతే, వాళ్ల నాయిన లెక్క కోసం గుర్తుగా నీలం రంగు పూసిన గొర్రెలను ఒక్కొక్కటే పట్టి నిలబెట్టేవాడు. పొడుగ్గా, సన్నగా ఉండే మనిషి. నన్ను చూడగానే తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకునేవాడు. మేడం పెంటికలు ఏరడం ఏంటని ఆయనకు మహా సిగ్గు. అన్నా, నేనూ పల్లెటూరిదాన్నే అని ఎన్నిసార్లు చెప్పినా ఆ సిగ్గు పోలేదు. మంద మిర్యాలగూడ దిగాక షాపు తమ్ముడు బండి మీద పోయి తెచ్చి, హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో కోదాడకు పంపేవాడు. కోదాడ ల్యాబ్‌లో మంచి మైక్రోస్కోపు ఉంది గనక శని, ఆదివారాలు పిల్ల అక్కడికే వచ్చి లెక్క పెట్టుకునేది. రాత్రి వాళ్లింట్లోనే పడుకునేది. ల్యాబ్ తమ్ముడి భార్య మొదట్లో ఆ పార్సిళ్లను గుమ్మం దాటనిచ్చేది కాదు. తర్వాత తర్వాత తనే ఫోన్ చేసి, "మీ పెంటికలు క్షేమంగా చేరాయండీ, పిల్లకి పూరీలు చేశాను" అని చెప్పేది.

ఈ పనికంతటికీ ఒక షరతు ఉంది. లెక్కలు సరిగ్గా రావాలంటే మధ్యలో మందకు నట్టల మందు తాపకూడదు. అది కడుపులో పురుగులు పడిపోవడానికి తాపే మందు. తాపితే పురుగుల లెక్క తారుమారైపోతుంది. ఆ మాట పిల్ల వాళ్ల నాయినకు మొదట్లోనే ఒకసారి చెప్పింది. ఆయన సరే బిడ్డా అన్నాడు. ఆ ముక్క అక్కడితో అయిపోయింది. మాలో ఎవరికీ మళ్లీ దాని మీద ఆలోచనే పోలేదు.

మంద కాలువ కిందికి దిగిన రెండో వారం నుంచి గుడ్ల లెక్క పెరగడం మొదలైంది. మాకు పండగే పండగ. కోదాడ తమ్ముడు మైక్రోస్కోపు కింద గుడ్ల ఫోటోలు తీసి గ్రూపులో పెట్టేవాడు. ఈ వారం ఇంకా పెరిగాయి అని అతను రాస్తే, ఎక్కడెక్కడి బ్యాచ్‌ల వాళ్లో చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు పెట్టేవాళ్లు. పిల్ల అనుకున్నది అనుకున్నట్టు రుజువవుతోందని నేనూ మురిసిపోయాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. గొర్రె కడుపులో పురుగు పెరుగుతుంటే చదువుకున్నవాళ్లమంతా చప్పట్లు కొట్టాం.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక ఆదివారం కోదాడ నుంచి ఫోన్. "అక్కా, ఈసారి ఏమీ లేవండీ" అన్నాడు. ఏమీ లేకపోవడం ఏంటని అడిగాను. ఒక్క గుడ్డు కూడా కనపడలేదట. ఐస్ కరిగిపోయి పాడయ్యాయేమోనని మళ్లీ తెప్పించాం. మళ్లీ అంతే. అప్పుడు మిర్యాలగూడ తమ్ముడే నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నేనే తాపిన" అన్నాడు. మొన్న పోయినప్పుడు తన షాపులోంచి మందు తీసుకుపోయి మందకంతా తాపేశాడట.

ఇక చూడండి నా నోరు. ఎంఎస్సీ చదివి ఆ మాత్రం తెలియదా, మందులమ్మీ అమ్మీ నీ బుర్ర కూడా సీసాలో పోసి అమ్మేశావా అన్నాను. పిల్ల ఏడు నాశనం చేశావన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాస్తే అచ్చు వేసేవాళ్లు ఒప్పుకోరు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అతను, "నువ్వొక్కసారి వచ్చి సూడక్కా. సూసినంక తిట్టు, పడ్త" అన్నాడు.

నా కోపానికి కారణం ఉంది. ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువు ఎంతో దూరం లేదు. ఇప్పుడు ఇవ్వకపోతే పై ఏడు పిల్లలతో కలిసి మొదటి నుంచీ చేయాలి. అప్పుడు హాస్టల్ ఉండదు, స్కాలర్‌షిప్ ఉండదు. వాళ్ల ఇంట్లో రెండేళ్లకే ఒప్పుకున్నారు, మూడో ఏడు అన్న మాటే లేదు. అంటే ఆ పిల్ల డిగ్రీ చేతికి రాకుండానే ఇంటికి పోతుంది. సారుకు ఫోన్ చేశాను. మంద కోదాడ చేరేదాకా లెక్క ఉంటే తప్ప ఈ ప్రాజెక్టు నిలబడదు, ఇంకో దారి ఉందేమో చూడండి అన్నారు. గ్రూపులో ఒక పెద్దమనిషి, మిగిలిన వారాలకు అంకెలు అటూ ఇటూగా వేసేస్తే ఎవడు చూడొచ్చాడు అని రాశాడు. నేను జవాబు రాసేలోపే పిల్ల రాసింది. కాకిలెక్కలు నాకొద్దు సార్ అని.

మరుసటి ఆదివారం పిల్లా నేనూ మిర్యాలగూడ బస్సెక్కాం. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వాళ్ల నాయినకు ఇందులో ఏ తప్పూ లేదు, ఆయనను ఏమీ అనకండి మేడం అని మాత్రం చెప్పింది. బస్టాండులో షాపు తమ్ముడు ఆటో మాట్లాడి పెట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను మొహం తిప్పుకొని వెనక కూర్చున్నాను. రైసు మిల్లులన్నీ దాటి, కాలువ వెంబడి కొంత దూరం పోయాక కోసిన మళ్లలో మంద కనపడింది.

దూరం నుంచి అంతా మామూలుగానే ఉంది. దగ్గరికి పోతే తెలిసింది. కొన్ని గొర్రెలు మేయడం మానేసి తలలు వేలాడేసి నిలబడ్డాయి. దవడల కింద నీరు చేరి సంచులు కట్టినట్టు వేలాడుతోంది. పిల్ల ఒక గొర్రె దగ్గర మోకాళ్ల మీద కూర్చొని కనురెప్ప తిప్పి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సింది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పురుగు రక్తం పీల్చేస్తే అలాగే ఉంటుందని మేం పుస్తకాల్లో చదువుకున్నాం, పిల్లలకు చెప్పి మార్కులు వేశాం. ఆమె ఇంకో గొర్రెను చూసింది. ఇంకో దాన్ని చూసింది. ఆ తర్వాత లేచి నిలబడి, "నాయినా, ఎన్ని పోయినయి?" అని అడిగింది.

"పోయేటియి పోతయి బిడ్డా. గొర్లన్నంక పోవా?" అన్నాడు ఆయన.

ఎన్ని అని ఆమె మళ్లీ అడిగింది. ఆయన చెప్పలేదు. షాపు తమ్ముడు నా వైపు తిరిగి, తను వచ్చిన రోజు ఒక్క పొద్దుననే ఈయన నాలుగింటిని గుంతలో పెడుతుంటే చూశానని, అంతకు ముందు పోయినవి ఎన్నో తనకూ తెలియదని మెల్లగా చెప్పాడు. మందు తాపుదామంటే ఈయన ససేమిరా వద్దన్నాడట, చేతులడ్డం పెట్టాడట. అయినా వినకుండా తమ్ముడే తాపేశాడట. ఇంటి గొర్రెలు కళ్ల ముందు చస్తుంటే మందు వద్దని అడ్డం పడిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

పిల్ల వాళ్ల నాయిన ముందుకు వచ్చింది. "గన్ని పోతుంటే మందెందుకు తాపియ్యలే నాయినా?" అంది.

"నువ్వు వద్దంటివి గద బిడ్డా."

అంతే అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. బిడ్డ చెప్పింది, తను చేశాడు, అంతకు మించి అందులో ఏముందన్నట్టే అన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా అంతా మంచిదే, నువ్వు మంచిగ సదువుకో అని చెప్పిన మనిషి ఆయనే. పిల్ల అక్కడే గడ్డి మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను.

మేమేదో కోపంగా ఉన్నామనుకున్నాడేమో, ఆయన తువ్వాలు చేతిలో పట్టుకొని నా ముందుకు వచ్చాడు. "మేడం, తప్పయింది. ఆయనను ఆపలేకపోతి. పొల్ల ఏడు పాడు కానియ్యకుండ్రి" అన్నాడు. తన బావమరిది మంద హుజూర్‌నగర్ వైపు ఉందట. రెండు మందలూ ఊళ్లోంచి ఒక్కసారే బయలుదేరాయట, ఈ కాలువ కిందే మేశాయట, దానికి ఇంతవరకు ఏ మందూ తాపలేదట. "పొల్ల లెక్కలకు గవి పనికొస్తయేమో సూడుండ్రి. మా బావమర్దికి నేన్ చెప్త, పొల్ల పనయ్యేదాక తాపొద్దని."

ఉన్నమాట చెప్పాలి. ఆ క్షణంలో నా లోపలి జువాలజీ లెక్చరర్ ఎగిరి గంతేసింది. అదే మేత, అవే నీళ్లు, అదే కాలం. అంతకంటే మంచి మంద వెతికినా దొరకదు. ఇంకొన్ని వారాలు ఆ మందకు మందు తాపకపోతే చాలు, ప్రాజెక్టు నిలబడుతుంది, పిల్ల ఏడు నిలబడుతుంది. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. తల ఎత్తి వాళ్ల నాయిన వైపు చూసింది. ఆ తర్వాత మంద వైపు చూసింది.

"వద్దు నాయినా. మామకు ఇప్పుడే ఫోన్ చెయ్. వాటికి గూడ తాపియ్యమను" అంది.

వాళ్ల నాయినకు అర్థం కాలేదు. మరి నీ సదువు బిడ్డా అన్నాడు. ఆమె షాపు తమ్ముడి వైపు తిరిగి, అన్నా, ఇంకో మందకు సరిపోయేంత ఉందా అని అడిగింది. ఉందన్నాడతను. నేను ఆ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. వారం కింద ఎంత గట్టిగా తిట్టానో అంత గట్టిగా పట్టుకున్నాను. నువ్వు లేకపోతే మేం ఈ మందనంతా చంపి ప్రాజెక్టు పుస్తకం కుట్టేవాళ్లం తమ్ముడూ అన్నాను. పోనీలే అక్కా, నీ తిట్లకు మా ఇంట్ల అందరం అలవాటు పడ్డం అని నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్ల ఏడ్చింది. గొర్రెల కోసం కొంత, తన ఏడు పోయినందుకు కొంత. రెండోదాని కోసం ఏడవడం తప్పేమీ కాదని చెప్పాను. ఆ బస్సులోంచే కోదాడ తమ్ముడికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అతను మొత్తం విని, "పిల్ల వాళ్ల మామ మందకి మందు రేపు తాపుతారు కదండీ. తాపే ముందు ఒక్కసారి పెంటికలు తీస్తే ఎవరికీ నష్టం లేదు కదా" అన్నాడు. తాపాక ఎన్నాళ్లు కడుపు శుభ్రంగా ఉంటుంది, కాలువ కింద మేసే గొర్రెకు పురుగు మళ్లీ ఎప్పుడు తిరిగొస్తుంది, అది చూద్దాం అన్నాడు. దానికి గొర్రెలు జబ్బు పడాల్సిన పనిలేదు, కోలుకోవాలి. రోగం తిరగబెడుతున్నట్టు కనపడగానే మళ్లీ తాపి, ఆ రోజుతో లెక్క ఆపేద్దామన్నాడు. నేను వెంటనే సారుకు ఫోన్ కలిపాను. సారు రెండు మూడు ప్రశ్నలు వేసి, వారానికి ఒకసారైతే చాలదు, వారంలో రెండుసార్లు తీయాలి, ఉన్న గడువులోనే ముగించాలి, మీ వల్ల అవుతుందా అని అడిగారు. అవుతుంది సార్ అని నేను అందరి తరపునా మాటిచ్చేశాను. అడక్కుండా మాటివ్వడం నాకున్న ఇంకో రోగం.

అయింది. ఎలా అయిందో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. రెండు మందలు, రెండు దిక్కులు. షాపు తమ్ముడు పొద్దున్నే షట్టర్ ఎత్తేముందు ఒక మంద దగ్గరికి పోయి వచ్చేవాడు. హుజూర్‌నగర్ వైపు మందకు కోదాడ తమ్ముడే పోయేవాడు, ల్యాబ్‌లో వాళ్లావిడ కూర్చునేది. ఆ దారిలో ఉన్న వేరే బ్యాచ్‌ల వాళ్లు, నేను మొహం కూడా ఎరగనివాళ్లు, ఒకరు బండి ఇచ్చారు, ఒకరు బస్సు దగ్గర పార్సిల్ అందుకున్నారు, ఒకామె పిల్లకు తన ఇంట్లో గది ఇచ్చి రాత్రి పూట టైపు కూడా కొట్టించింది. కాకిలెక్కల సలహా ఇచ్చిన పెద్దమనిషి కూడా ఒక ఆదివారం చెప్పకుండా వచ్చి, ప్యాంటు మడిచి మళ్లోకి దిగాడు. డిపార్ట్‌మెంట్‌లో సారు సాయంత్రాలు ఆగి, ఆమె రాసిన ప్రతి పేజీ దిద్దారు. వీళ్లలో ఎవరికీ దీనివల్ల వచ్చేదేమీ లేదు. నాకు దేవుడి మీద నమ్మకం అంతంత మాత్రమే, కానీ ఆ నెలన్నరలో రోజూ ఎవరికో ఒకరికి మనసులో దండం పెట్టుకున్నాను.

గొర్రెలు కోలుకున్నాయి. దవడల కింద నీరు తీసింది, రెప్పల్లోకి ఎరుపు వచ్చింది. మందు తాపితే ఆరు నెలలు ఢోకా లేదని ఆ దిక్కున అందరూ అనుకుంటారు. కాలువ కింద తడి మళ్లలో మేసే గొర్రెకు పురుగు అంతకంటే చాలా ముందే తిరిగొస్తుందని ఆమె లెక్కల్లో తేలింది. తేలగానే షాపు తమ్ముడు రెండు మందలకూ మళ్లీ తాపాడు. ఇప్పుడు తన దుకాణానికి వచ్చే గొర్రెల కాపరులందరికీ ఆ మాట చెప్పే పంపిస్తున్నాడు.

వైవా రోజు మేం ముగ్గురం డిపార్ట్‌మెంట్‌కు పోయాం. లోపలికి రానివ్వరు గనక వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. కిటికీ తెరిచే ఉండడంతో మాటలు వినపడుతూనే ఉన్నాయి. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పి, మొదటి సగం ఒక ప్రశ్న, రెండో సగం ఇంకో ప్రశ్న, మధ్యలో ఎందుకు మార్చావని అడిగాడు. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయి తెలుగులోకి వచ్చేసింది. "గొర్లు సస్తున్నయి సార్. నేను వద్దన్నందుకే మా నాయిన మందు తాపలే. అందుకే మార్చిన" అంది. ఎన్ని చనిపోయాయో కూడా రాశావా అని అడిగాడాయన. రాశాను సార్, మా నాయిననడిగి రాసిన లెక్క మూడో పట్టికలో ఉంది అంది. ఆయన ఆ పేజీ తీసి చదివి, ఇక చాలమ్మా, పాసయ్యావు అన్నాడు.

అప్పుడు చూశాను, వరండా చివర మెట్ల దగ్గర వాళ్ల నాయిన నిలబడి ఉన్నాడు. మందను బావమరిదికి అప్పజెప్పి, తెల్లారుజామున బస్సెక్కి వచ్చాడట. లోపలికి రావాలో వద్దో తెలియక అక్కడే ఆగిపోయాడు. నేను దగ్గరికి పోయాను. పిల్ల పాసైందా అని అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది అది కాదు.

"మేడం, ఈసారన్న మా గొర్లు పొల్లకు అక్కరకొచ్చినయా?"

మాలో ఎవరమూ ఆయనకు సంగతి సరిగ్గా చెప్పనే లేదని అప్పుడు తెలిసింది. నెలన్నర పాటు వారానికి రెండుసార్లు గొర్రెలను పట్టి నిలబెట్టాడు గాని, ఏం చూస్తున్నామో ఆయనకు ఒక్కరమూ చెప్పలేదు. బాగుపడిన గొర్రెలు తన బిడ్డ చదువుకు పనికిరావేమోనని ఆయన అన్నాళ్లూ లోలోపల భయపడుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఈసారి అవి బతికితేనే అక్కరకొస్తయన్నా. బతికినయి. నీ బిడ్డ పాసైంది" అన్నాను.

ఆయన నా మొహం వైపే చూస్తూ, బతికితేనేనా అని మళ్లీ ఒకసారి అడిగాడు. బతికితేనే అన్నాను. ఆయన మెట్టు మీద కూర్చొని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటికి తీసి, తలుపులోంచి బయటికి వస్తున్న బిడ్డను చూస్తూ అన్నాడు.

"గసొంటి సదువు గూడ ఉంటదా మేడం."